పోటు వేళకి: నాన్నతో హైదరాబాదు నుంచి కోరంగి మడ అడవి దాకా

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతోందని టీవీలో చెబుతుంటే మా నాన్న కుర్చీలోంచి లేవలేదు. మేం ఉండేది హైదరాబాదులో, కూకట్‌పల్లిలో. నిద్రపొమ్మంటే వినరు. "కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డం ఉంది, తాళ్లరేవుకి మడ అడ్డం ఉంది, ఏం కాదులే" అని తనకి తనే సర్దిచెప్పుకుంటున్నారు. తెల్లారి కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "ఒకసారి మడ చూసొద్దామా?" అన్నారు. మడ అంటే కాకినాడ, తాళ్లరేవుల మధ్య కోరంగిలో ఉన్న అడవి, సముద్రపు ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు.

నాన్నకి 71 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఫలానాది కావాలని అడిగిన మనిషి కాదు. పుట్టింది తాళ్లరేవు పక్కన. ఇరవై దాటగానే ఉద్యోగానికి హైదరాబాదు వచ్చేశారు. చివరిసారి అటు వెళ్లింది 1996 నవంబర్ తుపాను తర్వాత, ఆ నెలలోనే. వచ్చాక మళ్లీ ఆ వైపు పేరు ఎత్తలేదు. పెళ్లిళ్లకి పిలిచినా అమ్మని పంపేవారు. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగితే కాదనడానికి నాకు నోరు రాలేదు. కాకపోతే ఆయన కుడి మోకాలికి మార్చిలో ఆపరేషన్ అయింది. చదునుగా ఉంటే నడుస్తారు. మెట్లు దిగాలంటే మాత్రం పక్కన మనిషి ఉండాలి.

ఎలా వెళ్లాలో నెట్‌లో వెతికితే ఫోటోలు బోలెడు దొరికాయి. మోకాలి నొప్పి ఉన్న మనిషి పడవ ఎక్కగలడా, ఏ వేళకి వెళ్లాలి అన్నది ఎక్కడా లేదు. అక్కడ దొరికిన నంబరుకి నాలుగు రోజులు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. అందుకే మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నవంబర్ 9న టికెట్లకి కూర్చున్నాను. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, నేను నెల ముందు మాత్రమే చూశాను. డిసెంబర్ 5 శుక్రవారం రాత్రి కాకినాడ వెళ్లే రైలులో థర్డ్ ఏసీ వెయిటింగ్ లిస్ట్ 14, 15. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణానికి మాత్రం బెర్తులు దొరికాయి. ఇద్దరికీ ఒకవైపు రెండు వేల చిల్లర. పెద్దవాళ్లకి రాయితీ ఉంటుందనుకుని వయసు వేసి చూశాను. ఆ రాయితీ 2020లోనే తీసేశారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు. నాన్నకి ఈ సంగతి చెప్పలేదు, చెబితే "నాకెందుకు ఏసీ, స్లీపర్ చాలు" అనేవారు.

ప్రయాణం ముందు వారం రోజులూ రోజుకి నాలుగుసార్లు ఆ వెయిటింగ్ లిస్ట్ నంబరు చూసుకున్నాను. 14 నుంచి 9, 9 నుంచి 6, తర్వాత ఆర్‌ఏసీ. శుక్రవారం చార్ట్ వేశాక రెండూ కన్ఫర్మ్ అయ్యాయి, కానీ ఒకటి అప్పర్, ఇంకోటి మిడిల్. మోకాలు ఆపరేషన్ అయిన మనిషికి మిడిల్ బెర్తు వచ్చిందంటే ఎంత టెన్షనో మీరే ఊహించుకోండి. రైలెక్కాక కింది బెర్తులో ఉన్న కాలేజీ అబ్బాయిని అడిగాను. నా మాట పూర్తికాకుండానే దుప్పటి తీసుకుని పైకెక్కేశాడు. ఆ అబ్బాయి దిగేది రాజమండ్రిలో. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

రాత్రంతా నాన్న నిద్రపోలేదు. లైట్లు ఆర్పేశాక కూడా కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్నారు. "కాలు లాగుతోందా?" అంటే కాదన్నారు.

రైలు రెండు గంటల నలభై నిమిషాలు లేటయింది. మామూలుగా చీకట్లో దాటే రాజమండ్రి వంతెన మాకు ఎండలో దొరికింది. ఏసీ బోగీ అద్దాలు తెరుచుకోవు కదా, నాన్న లేచి నెమ్మదిగా తలుపు దాకా నడిచారు. నేను వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గోదావరిలో వేశారు. నీటిలో పడిందో లేదో కనపడలేదు, చప్పుడు వినపడలేదు. "పడిందిలే" అన్నారు.

కాకినాడ టౌన్‌లో దిగేసరికి 9:40. బస్ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి ముందే మాట్లాడి పెట్టుకున్నాను, 1800. కింద గది ఇస్తామని ఫోన్‌లో చెప్పి, తీరా వచ్చాక రెండో అంతస్తు అన్నారు. లిఫ్ట్ ఉంది, కానీ లిఫ్ట్ దాకా ఐదు మెట్లున్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు "లిఫ్ట్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి, "లిఫ్ట్ దాకా మెట్లున్నాయా?" అని కూడా అడగండి. పెసరట్టు ఉప్మా తిని గదికి చేరగానే నాన్న పక్క మీద వాలి నిద్రపోయారు. రాత్రంతా మేలుకున్న మనిషిని లేపడానికి మనసు ఒప్పలేదు. ఒంటిగంట దాకా పడుకోనిచ్చాను. ఆ రోజు నేను చేసిన పొరపాటు అదే, కానీ అప్పటికి నాకు తెలియదు.

కాకినాడ నుంచి కోరంగి ఇరవై కిలోమీటర్ల లోపే. యానాం వెళ్లే బస్సు ఎక్కితే తలకి యాభై లోపు అవుతుంది, రోడ్డు మీదే దింపుతారు. బస్సు మెట్లు ఎత్తు కాబట్టి నేను ఆటో మాట్లాడాను. వెళ్లడం, అక్కడ ఉండటం, తిరిగి రావడం అన్నీ కలిపి 1400 అడిగాడు, 1000కి ఒప్పుకున్నాడు.

జగన్నాథపురం వంతెన దాటి తూరంగి వచ్చేసరికి నాన్న ముందుకి వంగి కూర్చున్నారు. చొల్లంగిలో ఆటో కాస్త నెమ్మదించింది. పుష్య మాసం అమావాస్యకి ఇక్కడ స్నానాలు చేస్తారు, చొల్లంగి అమావాస్య అంటారు. చిన్నప్పుడు నాయనమ్మ ఆయన్ని ఎత్తుకుని జనంలోంచి నీళ్లలోకి తీసుకెళ్లేదట. కోతల రోజులు కాబట్టి రోడ్డు అంచునే ధాన్యం ఆరబోసి ఉంది. కుడిచేతి వైపు వరి కోసిన మళ్లు, ఎడమచేతి వైపు దూరంగా ముదురు ఆకుపచ్చ గీత. ఆ గీతని నాన్న నాకు చూపించలేదు. తనే చూస్తూ ఉండిపోయారు.

గేటు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం 2:35.

కౌంటర్‌లో అబ్బాయి ఎంట్రీ టికెట్లు చింపుతూ, "బోటు లేదండి ఈ పూటకి" అన్నాడు.

"శనివారం కదా, ఐదింటి దాకా ఉంటుందన్నారే?"

"ఆయ్, గేటు ఉంటుందండి. నీళ్లుండవు. పాటు తీస్తోంది కదండీ. పొద్దున్న పదకొండు లోపు వచ్చుంటే నిండుగా ఉండేది. రేపు పొద్దున్నే వచ్చేయండి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల రోజుల ఎదురుచూపు, వెయిటింగ్ లిస్టు, లేటయిన రైలు, నేను లేపకుండా వదిలేసిన ఆ రెండున్నర గంటలు. రేపు సాయంత్రం తిరుగు రైలు. రేపు కూడా ఏదైనా అయితే? నాన్న మాత్రం తప్పు ఎవరి మీదా వేయలేదు. "మొన్న పౌర్ణమి వెళ్లింది కదమ్మా, ఇవాళ విదియ. మధ్యాహ్నానికి పాటు తీస్తుంది. నాకు తెలిసి ఉండాల్సింది, మర్చిపోయాను" అన్నారు.

ఆ సాయంత్రం నాన్న చెప్పింది, మర్నాడు పడవ నడిపే అబ్బాయి చెప్పింది కలిపి నాకు అర్థమైనది ఇది. సముద్రం నీళ్లు రోజుకి రెండుసార్లు పాయల్లోకి ఎక్కుతాయి, అది పోటు. రెండుసార్లు దిగుతాయి, అది పాటు. ఈ వేళ రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఎక్కుడూ దిగుడూ రెండూ ఎక్కువ. అష్టమి చుట్టుపక్కల తక్కువ. సముద్రపు ఒడ్డున పోటు వచ్చిన వెంటనే పాయలో నిండదు, లోపలికి రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రైలు టికెట్ కొనే ముందే కాకినాడ పోటు వేళలు చూసుకుని, దానికి తగ్గట్టు రోజు ఎంచుకోవాలి. నేను వారాంతం చూసి ఎంచుకున్నాను.

టికెట్ చింపారు కాబట్టి చెక్కల వంతెన మీద నడుద్దామన్నాను. మడ చెట్ల మధ్య నుంచి కర్రలతో కట్టిన దారి అది, రెండు వైపులా పట్టుకోడానికి ఆసరా ఉంది. చదునుగా ఉంటుంది కాబట్టి నాన్నకి ఇబ్బంది కాలేదు. కొన్ని చోట్ల చెక్కల మీద సన్నటి బురద పొర ఎండకుండా ఉంటుంది, అక్కడ జారుతుంది. రబ్బరు అడుగు ఉన్న చెప్పులు వేసుకోండి. మొదటి అర్ధగంట కాలు ఎక్కడ పెడుతున్నామో చూసుకోడానికే సరిపోయింది. తర్వాత అలవాటయింది.

నీళ్లు తీసేసిన మడ అడవిని చూడటం ఒక భాగ్యమని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. కింద అంతా నల్లటి బురద. దాంట్లోంచి వేళ్ల లావున, జానెడు ఎత్తున, వేలకి వేలు ముల్లుకర్రల్లా పైకి నిలబడి ఉన్నాయి. అవి మొక్కలనుకున్నాను. "వేళ్లు. నల్లమడ వేళ్లు. బురదలో గాలి ఆడదు కదా, ఊపిరికి పైకొస్తాయి" అన్నారు నాన్న. వాటి మధ్య చిటికెన వేలంత చేపలు రెక్కల మీద ఆనుకుని బురదలో పాకుతున్నాయి, ఉన్నట్టుండి గెంతుతున్నాయి. ఒక్కొక్క బెజ్జం ముందు ఒక్కో చిన్న పీత, ఒక చెయ్యి మాత్రమే పెద్దది, దాన్ని ఊపుతూ ఉంటుంది. మన నీడ పడగానే అన్నీ ఒక్కసారే మాయం. కదలకుండా నిలబడి మనసులో నూరు లెక్కపెట్టాను. ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

ఉప్పుపొన్న చెట్టుకి మునక్కాయల్లా పచ్చగా వేలాడుతున్నవి కాయలు కావట, మొలకలట. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా పెరిగి, రాలినప్పుడు బురదలో గుచ్చుకుంటుంది. తిల్ల చెట్టు కనపడగానే నాన్న నన్ను చెయ్యి పట్టి వెనక్కి లాగారు. చిన్నప్పుడు పుల్లలకి వచ్చినవాళ్లలో ఒకాయన కంట్లో తిల్ల పాలు పడి, కన్ను దెబ్బతినడం ఆయన చూశారు. అరవై ఏళ్లు గడిచినా ఆ భయం చేతిలో అలాగే ఉంది.

తర్వాత ఒక చెట్టు దగ్గర ఆగి, కొమ్మని వంచి, ఆకుని తుంచకుండా దాని మీద వేలితో రాసి, "నాలుక మీద పెట్టుకో" అన్నారు. ఆయన వేలి కొస మీద పిండి లాంటి తెల్లటి పొర. నేనూ ఒక ఆకు మీద వేలితో రాసి నాలుకకి తాకించాను. ఉప్పు. అచ్చం ఉప్పు. "తెల్లమడ. తాగిన ఉప్పు ఆకుల్లోంచి కక్కేస్తుంది." ఆ మాట అన్నప్పుడు నాన్న ముఖం నేనెప్పుడూ చూడని ముఖం. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ బటన్ ఏది నొక్కాలో ప్రతిసారీ నన్ను అడిగే మనిషి, ఇక్కడ ప్రతి చెట్టునీ పేరు పెట్టి పిలుస్తున్నారు.

చివర్లో బోటు ఎక్కే చోటికి వెళ్లాం. అప్పుడు నాకు గుండె ఝల్లుమంది. పడవ కింద ఎక్కడో ఉంది. రేవు నుంచి పడవ దాకా మెట్లు దిగాలి, కింది మెట్లకి పాకుడు పట్టి ఉంది, చివరి మెట్టు నుంచి పడవకి మళ్లీ ఒక పెద్ద అంగ. మధ్యాహ్నం బోటు ఉండి ఉంటే నాన్న ఆ మెట్లు దిగేవారు కారు. లేదా నా కోసం దిగి ఉండేవారు, అది ఇంకా ప్రమాదం. లైఫ్ జాకెట్లు సర్దుతున్న అబ్బాయి మా చూపు చూసి, "రేపు పదింటికి రండి బాబాయ్‌గారూ. నీరు నిండితే పడవే మీ కాళ్ల దగ్గరికొస్తుంది" అన్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో మోకాలికి ఐస్ పెడుతుంటే నాన్న 1996 గురించి చెప్పారు. నవంబర్ 6 రాత్రి వచ్చిన తుపానులో మా పెదనాన్న, అంటే నాన్న పెద్దమ్మ కొడుకు, వేటకి వెళ్లి తిరిగి రాలేదు. పడవ బయల్దేరింది భైరవపాలెం వైపు నుంచి. నాన్న హైదరాబాదు నుంచి బస్సులు మారి, చివర్లో నడిచి చేరేసరికి నాలుగు రోజులైంది. మనిషి దొరకలేదు. నాకప్పుడు పన్నెండేళ్లు. "తుపాను వచ్చింది కదా, నాన్న ఊరెళ్లారు" అనే నాకు తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, ఐస్ ముక్కల గుడ్డ నా చేతిలో కరిగిపోతుంటే, అసలు సంగతి విన్నాను. మొంథా రాత్రి ఆయన టీవీ ముందు నుంచి ఎందుకు లేవలేదో అప్పుడు తెలిసింది. నేనేమీ మాట్లాడలేకపోయాను. గుడ్డ పిండి మళ్లీ పెట్టాను.

డిసెంబర్ 7 ఆదివారం. ఎనిమిదింటికే గది ఖాళీ చేసి, సామాను లాడ్జి కౌంటర్‌లో పెట్టి, నిన్నటి ఆటోలోనే బయల్దేరాం. 9:05కి గేటు దగ్గరున్నాం. కౌంటర్ దగ్గర ఫోన్ పేమెంట్ రెండుసార్లు తిరిగి తిరిగి ఆగిపోయింది, నోట్లు ఉంచుకోవడం మంచిదైంది. ఎంట్రీలు, బోటు కలిపి మా ఇద్దరికీ నాలుగు వందల లోపే. టాయిలెట్ పని గేటు దగ్గరే చూసుకోండి. లోపల తినడానికి ఏమీ దొరకదు. మేం అరటిపళ్లు, బిస్కెట్లు, ఇంటి నుంచి తెచ్చిన సీసాలో నీళ్లు పట్టుకెళ్లాం.

నిన్న నడిచిన దారేనా ఇది అనిపించింది. బురద లేదు, ముల్లుకర్రలు లేవు, పీతలు లేవు. చెట్లన్నీ నడుము లోతు నీటిలో నిలబడి ఉన్నాయి. నీళ్లు చెక్కల కిందకి చేరి గుబగుబమంటున్నాయి. రేవు దగ్గర నిన్న దిగాల్సిన మెట్లు కనపడకుండా మునిగిపోయాయి. పడవ అంచు రేవుకి సమానంగా ఉంది. ఆ అబ్బాయి ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుంటే నాన్న వీధిలో గట్టు దాటినట్టు ఒక్క అడుగు వేసి పడవలో ఉన్నారు. నెల రోజులుగా నా గుండెల మీద ఉన్న బరువు ఆ ఒక్క అడుగుతో దిగిపోయింది.

జనం చాలినంత మంది అయితేనే బోటు కదులుతుంది. యాభై నిమిషాలు ఎదురుచూశాం. రాజమండ్రి నుంచి ఒక కుటుంబం, కాకినాడ నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. బయల్దేరేసరికి 10:20.

పాయలోకి వెళ్లాక మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రెండు వైపులా మడ గోడలా ఉంది. కొంగలు, నీలం రెక్కల లకుముకి పిట్టలు, పైన గోధుమ రంగు గరుడ పక్షి. ఇక్కడ బావురు పిల్లులు ఉంటాయి, నీటికుక్కలు ఉంటాయి. మాకు అవి కనపడలేదు. బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు, పగటి బోటుకి దొరుకుతుందని ఆశపడొద్దని ఆ అబ్బాయి ముందే చెప్పాడు. ఒక మలుపులో చెట్లు చిన్నవిగా, వరసగా ఉన్న చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఉన్నాయి. చెట్లు కొట్టేసిన నేల ఎండకి ఉప్పు తేలి ఏదీ మొలవకుండా పోతే, పోటు నీళ్లు లోపలి దాకా పారేలా నడుమ ఒక కాలువ, దానికి రెండు వైపులా పిల్ల కాలువలు తవ్వి మొక్కలు నాటారట. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి చేసిన పని అది. నాన్న ఆ చోటునే తిరిగి తిరిగి చూశారు. "మేం పుల్లలకి కొట్టిందీ ఇలాంటి చోట్లే" అన్నారు. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. నాన్న ఊరు వదిలింది అంతకు కొంచెం ముందు.

కాకినాడ కుర్రాళ్లలో ఒకడు ఈ అడవిలో ఊరు ఏముంటుందని అడిగాడు. దానికి నాన్న జవాబు చెప్పడం నాకు ఆశ్చర్యం, కొత్తవాళ్లతో మాట్లాడే మనిషి కాదు. కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవారని, 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబర్‌లో ఇంకో ఉప్పెన వచ్చి రేవు తుడిచిపెట్టుకుపోయిందని, తన తాత ఈ తీరం నుంచే రంగం వెళ్లి పదేళ్లకి ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చాడని చెప్పారు. రంగం అంటే రంగూన్ అని నేను చెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రాడు ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

పాయ వెడల్పైన చోట మోటారు ఆపారు. నాన్న పడవ నడిపే అబ్బాయిని అడిగారు, "భైరవపాలెం ఎటు బాబూ?"

ఆ అబ్బాయి దక్షిణంగా చెయ్యి చూపించాడు. అటు చెట్లు తప్ప ఏమీ కనపడదు. "చాలా దూరమండి. అటు గౌతమి సముద్రంలో కలిసే మొగ." కాస్త ఆగి, "మీవాళ్లెవరైనా అక్కడ..." అన్నాడు. "ఉండేవాడు, మా అన్న. తొంభై ఆరులో" అన్నారు నాన్న. ఆ అబ్బాయికి పాతికేళ్లుంటాయి, అప్పటికి పుట్టి ఉండడు. ఇంకేమీ అడగలేదు. "మా నాన్న చెబుతాడండి" అని మాత్రం అని, వెంటనే మోటారు వేయకుండా పడవని అలా వదిలేశాడు.

నాన్న వంగి దోసిలితో నీళ్లు తీసుకుని, అటు తిరిగి వదిలారు. మూడుసార్లు. పక్కనున్న రాజమండ్రి ఆవిడ తన పాపని మాట్లాడకుండా దగ్గరకి తీసుకుంది. మూడోసారి వంగినప్పుడు నేను వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకున్నాను, రైలు తలుపు దగ్గర పట్టుకున్నట్టే.

రేవుకి తిరిగొచ్చేసరికి 11:25. నీళ్లు అప్పుడే ఒక మెట్టు దిగాయి. ఇంకాసేపు ఆగితే మళ్లీ మెట్ల బాధ వచ్చేది.

ఆటో ఎక్కాక, కాకినాడ వైపు తిప్పబోతుంటే నాన్న, "తాళ్లరేవు దాకా పోనివ్వు" అన్నారు. ఆటో అతను ఇంకో 300 అడిగాడు, ఇచ్చేశాను. మా దొడ్డమ్మ, అంటే ఆ పెదనాన్న భార్య, అక్కడే కూతురి దగ్గర ఉంటుందని అమ్మ ద్వారా తెలుసు. ఇల్లు కనుక్కోడానికి ముగ్గురిని అడిగాం. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చూపు సరిగా ఆనదు. "ఎవరూ?" అంది. నాన్న "వదినా" అన్నారు. చేతిలో చేట పక్కన పెట్టి, "ఇన్నాళ్లా అయ్యా?" అంది. ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్లి ముందు మంచినీళ్లు తెచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది నేను వినలేదు, నేను వంటింట్లో అక్కకి సాయం చేస్తూ ఉండిపోయాను. చింతచిగురు వేసిన ఎండు రొయ్యల కూరతో అన్నం పెట్టారు. నాన్న మారు వడ్డించుకోవడం చాలా ఏళ్ల తర్వాత చూశాను.

మూడున్నరకి బయల్దేరాం. ఆదివారం సాయంత్రం జగన్నాథపురం దగ్గర ట్రాఫిక్ ఎక్కువ, లాడ్జిలో సామాను తీసుకుని స్టేషన్ చేరేసరికి రైలుకి ఇంకా పాతిక నిమిషాలే ఉంది. కాజాలు కొనడానికి కూడా సమయం చాలలేదు. రైలు, లాడ్జి, ఆటోలు, తిండి, బోటు అన్నీ కలిపి రెండు రోజులకి మా ఇద్దరికీ 9,600 అయింది. రెండు వైపులా రైలు టికెట్లే అందులో సగానికి దగ్గర.

ఈసారి నాన్నకి కింది బెర్తే వచ్చింది. దొడ్డమ్మ కట్టిచ్చిన రొయ్యల పచ్చడి సీసా తలగడ పక్కన పెట్టుకున్నారు. చెప్పుల అంచున మడ బురద ఎండి బూడిద రంగుకి తిరిగింది, తుడవబోతే వద్దన్నారు. సామర్లకోట రాకముందే నిద్రపోయారు.